పీటర్స్ పేరు ఎందుకు రాయలేదు?

పోయిన నెల ఈ పేజీలో ఒక మూల జిమ్మీ పీటర్స్ అనే పాత రగ్బీ ఆటగాడి గురించి నాలుగు లైన్లు వేశాం. 1906లో ఇంగ్లండ్ రగ్బీ జట్టుకు ఆడిన మొదటి నల్లజాతి మనిషి ఆయన అని, అంతే. దానికే తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి, ఈ నెల పేజీ మొత్తం ఆయనకే ఇస్తున్నాను. క్రికెట్ ప్రశ్నలు పంపినవాళ్లు ఒక్క నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: పీటర్స్ తండ్రి సింహాలను ఆడించేవాడని, ఆ సింహాల వల్లే చనిపోయాడని ఎక్కడో చదివాను. నిజమేనా, లేక ఎవరైనా కల్పించారా?
– డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: నిజమే తమ్ముడూ. తండ్రి జార్జ్ జమైకా నుంచి వచ్చినవాడు, సర్కస్‌లో సింహాల బోనులోకి దిగే పని ఆయనది. తల్లి హానా ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్ ప్రాంతపు ఆమె, తెల్లజాతి స్త్రీ. జిమ్మీ 1879 ఆగస్టు 7న మాంచెస్టర్‌ను ఆనుకుని ఉన్న సాల్ఫర్డ్‌లో పుట్టాడు. పిల్లాడికి ఊహ తెలిసేలోపే తండ్రి మీద సింహాలు పడ్డాయి, ఆయన బోనులోనే పోయాడు. ఆ తరువాత తల్లి ఒంటరిగా నెగ్గుకురాలేక పిల్లాడిని ఇంకో సర్కస్ వాళ్లకు అప్పజెప్పింది. అక్కడ వాడి పని జీను కూడా లేని గుర్రం మీద నిలబడి విన్యాసాలు చేయడం. పదకొండేళ్లప్పుడు చెయ్యి విరిగింది. చెయ్యి విరిగిన పిల్లాడితో సర్కస్‌కు ఏం పని? వదిలేసి వెళ్లిపోయారు.

అక్కడి నుంచి లండన్‌లో అనాథాశ్రమాలు. మొదట సదర్క్‌లో ఫీగన్ అనే ఆయన నడిపిన ఆశ్రమం, తరువాత గ్రీనిచ్‌లో ఇంకొకటి. ఇక్కడే ఆ పిల్లాడికి కాస్త అదృష్టం కలిసొచ్చింది, ఎందుకంటే గ్రీనిచ్ ఆశ్రమంలో ఆటలకు చోటుంది, మైదానంలోకి దిగితే చాలు వీడు అందరికంటే ముందుండేవాడు, చివరికి ఆశ్రమం జట్లకు కెప్టెన్ కూడా అయ్యాడు. చేతి పనిగా ప్రింటింగ్ నేర్పారు. 1898లో ఆ పని మీదే బ్రిస్టల్ వెళ్లాడు, అక్కడ క్లబ్ రగ్బీలో దిగాడు. అతన్ని జట్టులోకి తీసుకున్నందుకు ఒక కమిటీ సభ్యుడు రాజీనామా చేశాడు. తెల్లవాడికి రావాల్సిన చోటు ఇతను ఆక్రమించాడని పత్రికలో కూడా రాశారు. 1902లో ప్లిమత్‌కు మారి, వడ్రంగి పనిలో చేరి, అక్కడి నుంచే డెవన్ కౌంటీ జట్టుకు, ఆ జట్టు 1906లో కౌంటీ చాంపియన్‌షిప్ గెలిచాక దేశపు జట్టుకు ఎదిగాడు.

అనాథాశ్రమం నుంచి దేశపు జెర్సీ దాకా వచ్చిన ఆ మనిషి కథలో సింహాల సంగతి ఒక్కటే అందరికీ గుర్తుంటోంది. దానికంటే మీరు గుర్తుపెట్టుకోవాల్సింది 1906లో జరిగింది, కింద చెప్తున్నాను.

ప్రశ్న: మా స్కూల్లో కబడ్డీ టీమ్ ఉంది సార్. ఫోన్‌లో రగ్బీ చూపిస్తే మా పిలకాయలు "ఇదేంది సార్, అందరూ ఒకడి మీద పడతా ఉండారు" అని నవ్వినారు. ఈ ఆట ఎట్లా అర్థం చేసుకోవాల? పీటర్స్ ఏ స్థానంలో ఆడేవాడు?
– వ్యాయామ ఉపాధ్యాయుడు, పుత్తూరు

జవాబు: కబడ్డీ తెలిసిన పిల్లలకు రగ్బీ సగం వచ్చినట్టే సార్. మన రైడర్ కూత పెట్టి వెళ్తే ఏడుగురూ ఎలా చుట్టుముడతారో, ఇక్కడ బంతి ఎవరి చేతిలో ఉంటే అతన్ని అలా పట్టి పడేస్తారు. తేడా ఏమిటంటే బంతి లేనివాడిని ముట్టుకోకూడదు. పట్టుకుంటే కాలో నడుమో పట్టుకోవాలి, మెడ జోలికి పోకూడదు. ఇంకో ముఖ్యమైన నియమం, బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. ముందుకు పోవాలంటే బంతి పట్టుకుని పరుగెత్తాలి, లేదా కాలితో తన్నాలి. అవతలి వాళ్ల గీత దాటి బంతిని నేలకు ఆనించడమే ట్రై. ఇప్పుడు దానికి 5 పాయింట్లు, పీటర్స్ రోజుల్లో 3.

పీటర్స్ ఆడింది స్టాండ్ ఆఫ్ స్థానం, ఫ్లై హాఫ్ అని కూడా అంటారు. దీన్ని కాస్త దగ్గరగా చూపించాలి. రెండు వైపులా ఎనిమిదేసి మంది తలలు, భుజాలు కలిపి ఒకరినొకరు నెడుతుంటారు, దాన్నే స్క్రమ్ అంటారు. వాళ్ల కాళ్ల మధ్య నుంచి బంతి వెనక్కి వస్తుంది. అక్కడ వంగి కూర్చున్న స్క్రమ్ హాఫ్ దాన్ని తీసి ఒక్క విసురు విసురుతాడు. కొన్ని అడుగులు వెనకాల నిలబడి ఆ బంతి అందుకునేవాడే స్టాండ్ ఆఫ్. బంతి చేతికి వచ్చేసరికి అవతలి వాళ్లు ముగ్గురు తన మీదికి ఉరుకుతూ ఉంటారు. బంతిని చూస్తే వాళ్లు కనపడరు, వాళ్లను చూస్తే బంతి జారుతుంది. తన్నాలా, పరుగెత్తాలా, పక్కవాడికి ఇవ్వాలా అనేది ఆ క్షణంలోనే తేలాలి. అంటే జట్టు మెదడు ఉండేది అక్కడే. డెవన్‌లో పీటర్స్‌కు బంతి అందించిన స్క్రమ్ హాఫ్ రాఫేల్ జాగో, ఇంగ్లండ్‌కు కూడా ఆడినవాడే. ఇద్దరి జోడీ గురించి అప్పటి పత్రికలు గొప్పగా రాశాయి. మీ పిల్లల్లో ఎవడు దూకుడుగా పోకుండా తల తిప్పి నాలుగు వైపులా చూస్తాడో, రగ్బీ నేర్పితే వాడిని అక్కడ నిలబెట్టండి.

పదిహేను మంది దొరకరు అనుకుంటే సెవెన్స్ ఉంది, జట్టుకు ఏడుగురు, ఒక్కో సగం ఏడు నిమిషాలు. 2016 రియో నుంచి ఒలింపిక్స్‌లో ఆడుతున్నది ఇదే. ఒక్క జాగ్రత్త, మన వైపు స్కూల్ గ్రౌండ్లలో కంకర తేలి ఉంటుంది, దాని మీద పట్టి పడేయడం నేర్పకండి. నేల మెత్తగా దొరికేదాకా నడుముకు గుడ్డపీలిక కట్టి, దాన్ని లాగితే పట్టుకున్నట్టే లెక్క అనే పద్ధతిలో ఆడించండి, ఎక్కడైనా చిన్నపిల్లలకు అలాగే మొదలుపెడతారు.

ప్రశ్న: ఇంగ్లండ్ సరే, అసలు ఏ దేశానికైనా ఆడిన మొదటి తెల్లజాతేతరుడు కూడా పీటర్సేనా?
– చంద్రగిరి పాఠకుడు

జవాబు: కాదు. ప్రపంచంలో మొట్టమొదటి అంతర్జాతీయ రగ్బీ మ్యాచ్ 1871 మార్చి 27న ఎడింబరోలోని రేబర్న్ ప్లేస్‌లో స్కాట్లండ్, ఇంగ్లండ్ మధ్య జరిగింది, అప్పట్లో జట్టుకు ఇరవై మంది, గెలిచింది స్కాట్లండ్. ఆ స్కాట్లండ్ జట్టులో ఆల్ఫ్రెడ్ క్లూనీస్ రాస్ అనే కుర్రాడు ఉన్నాడు. హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లో స్థిరపడిన స్కాటిష్ కుటుంబం వాళ్లది, తల్లి వైపు మలయ్ మూలాలు. ఆ లెక్కన మొదటివాడు అతనే.

ప్రశ్న: నాకు పాత నాణేలు దాచే అలవాటు. మన వెండి రూపాయలు కరిగించి ఇంగ్లండ్ వాళ్లు రగ్బీ కప్పు చేయించుకున్నారని విన్నాను. దానికీ పీటర్స్‌కూ సంబంధం ఏమైనా ఉందా?
– కిరాణా వ్యాపారి, శ్రీకాళహస్తి

జవాబు: ఉందండీ, చాలా దగ్గర సంబంధమే ఉంది. పీటర్స్ ఇంగ్లండ్‌కు ఆడిన మొట్టమొదటి మ్యాచ్ ఆ కప్పు కోసమే.

1872 క్రిస్మస్ రోజు కలకత్తాలో ఉన్న ఇంగ్లండ్ వాళ్లు ఒక వైపు, మిగతా బ్రిటిష్ వాళ్లు ఒక వైపు చేరి రగ్బీ ఆడారు. సరదా పుట్టి మరుసటి నెలలోనే కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ పెట్టారు. నాలుగేళ్లు తిరిగేసరికి సందడి తగ్గిపోయింది. ఆటగాళ్లున్న ఒక పటాలం ఊరు వదిలింది, ఆ ఎండల్లో ఈ మోటు ఆట కంటే టెన్నిస్, పోలో హాయిగా అనిపించాయి, క్లబ్బులో ఉచితంగా పోసే మద్యం ఆపేశాక సభ్యులు రావడం మానేశారని కూడా అంటారు. క్లబ్ మూసేటప్పుడు కెప్టెన్, కార్యదర్శి, ఖజాంచీ మూడూ తానే అయిన రోత్నీ అనే ఆయన బ్యాంకులో మిగిలిన డబ్బు వెండి రూపాయల్లోనే తీసి, మన పనితనంతోనే ఒక కప్పు చేయించి, 1878లో ఇంగ్లండ్‌లో ఈ ఆటను నడిపే సంఘం రగ్బీ యూనియన్‌కు ఇచ్చాడు. 270 రూపాయలు కరిగించారని చెప్తారు. మీకు తెలిసిన లెక్కే, అప్పటి రూపాయి తులం బరువు, అంటే 11.66 గ్రాములు. మొత్తం కలిపితే మూడు కిలోల పైచిలుకు. కప్పుకు మూడు పిడులు, మూడూ నాగుపాములే. మూత మీద ఏనుగు. దాన్ని చూస్తే ఎడింబరో గుర్తుకు రాదు, మన గుడి మండపం స్తంభాలే గుర్తుకొస్తాయి. 1879 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్ ఏటా ఆడే మ్యాచ్‌కు ఇదే బహుమతి, పేరు కలకత్తా కప్.

1906 మార్చి 17న ఎడింబరోలో పీటర్స్ మొదటిసారి ఇంగ్లండ్ జెర్సీ వేసుకున్నది ఈ మ్యాచ్‌కే. అతన్ని ఎంపిక చేయడం రంగు కారణంగా చాలామందికి నచ్చలేదని యార్క్‌షైర్ పోస్ట్ పత్రిక రాసింది. ఇంగ్లండ్ 9-3తో గెలిచింది, అతను బంతి అందించిన తీరును మ్యాచ్ తరువాత పత్రికలు మెచ్చుకున్నాయి. అయిదు రోజుల తరువాత పారిస్‌లో ఫ్రాన్స్ మీద ఇంగ్లండ్ మొట్టమొదటి మ్యాచ్, 35-8తో గెలుపు, అందులో పీటర్స్ ఒక ట్రై కూడా చేశాడు.

ప్రశ్న: రెండు మ్యాచ్‌లూ గెలిపించినవాడిని సౌతాఫ్రికా మీద ఎందుకు ఆడించలేదు? గాయమా?
– బ్యాంకు ఉద్యోగి, తిరుపతి

జవాబు: గాయం ఏమీ లేదు.

1906 శరదృతువులో సౌతాఫ్రికా జట్టు మొదటిసారి బ్రిటన్ పర్యటనకు వచ్చింది. స్ప్రింగ్‌బాక్స్ అనే పేరు వాళ్లకు స్థిరపడింది ఆ పర్యటనలోనే. అక్టోబరు 17న వాళ్లకు డెవన్ కౌంటీతో మ్యాచ్, డెవన్‌కు స్టాండ్ ఆఫ్ పీటర్స్. అవతలి జట్టులో నల్లవాడు ఉన్నాడని తెలిసి స్ప్రింగ్‌బాక్స్ మైదానంలోకి రామని భీష్మించుకున్నారని, బయట జనం కిక్కిరిసి ఉండటంతో వాళ్ల దేశపు హైకమిషనర్ దుస్తులు మార్చుకునే గదికి వెళ్లి బతిమాలి పంపించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. మొత్తానికి మ్యాచ్ జరిగింది, 22-6తో సౌతాఫ్రికా గెలిచింది.

తరువాతిది అసలు విషయం. డిసెంబరు 8న లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో ఇంగ్లండ్, సౌతాఫ్రికా మధ్య మొట్టమొదటి టెస్టు, అంటే రెండు దేశాల జట్ల మ్యాచ్. జట్టును ప్రకటించారు. పీటర్స్ పేరు లేదు. అంతకుముందు ఆడిన రెండు మ్యాచ్‌లూ గెలిచిన జట్టులో ఉన్నవాడు, ట్రై చేసినవాడు, జోరు మీద ఉన్నవాడు. అతిథులకు ఇబ్బంది కలగకుండా ఇంటివాడిని తప్పించారు. రంగు తప్ప ఇంకో కారణం చరిత్ర రాసినవాళ్లకు దొరకలేదు. ఆ మ్యాచ్ 3-3తో డ్రా అయింది. అతిథులు ఓడ ఎక్కి వెళ్లిపోయాక, మరుసటి ఏడు ఐర్లండ్ మీద, స్కాట్లండ్ మీద మళ్లీ పీటర్స్‌ను పిలిచారు! అంటే ఆట తగ్గలేదని సెలెక్టర్లకు తెలుసన్నమాట. నన్ను ఎక్కువ బాధ పెట్టేది ఈ పిలవడమే. తీసేసినప్పుడు తప్పు చేస్తున్నామని తెలియదు అనుకోవడానికి కూడా అది చోటు ఇవ్వలేదు.

ఆఖరి మ్యాచ్ 1908 జనవరి 18న, వేల్స్ మీద. ఆడింది బ్రిస్టల్‌లో, అంటే పదేళ్ల కింద అతన్ని తీసుకున్నందుకు ఒకాయన రాజీనామా చేసిన ఊళ్లోనే. ఆ రోజు పొగమంచుకు ఆట సగం ఎవరికీ కనపడలేదు, వేల్స్ 28-18తో గెలిచింది. మొత్తం అయిదు మ్యాచ్‌లు. పీటర్స్ తరువాత ఇంగ్లండ్ రగ్బీ జట్టులోకి ఇంకో నల్లజాతి ఆటగాడు రావడానికి ఎనభై ఏళ్లు పట్టింది. 1988లో వచ్చిన ఆ కుర్రాడు క్రిస్ ఓటీ, అతని మొదటి మ్యాచ్ కూడా ఎడింబరోలోనే, మన రూపాయల కప్పు కోసమే. అదే నెలలో ట్వికెన్‌హామ్‌లో ఐర్లండ్ మీద మూడు ట్రైలు చేశాడు.

ప్రశ్న: ఆట మానేశాక ఎలా బతికాడు? డబ్బు బాగానే వచ్చి ఉంటుంది కదా?
– గృహిణి, మదనపల్లె

జవాబు: డబ్బా, ఆ రోజుల్లో రగ్బీ యూనియన్ ఆటగాడికి పైసా రాదమ్మా. పుచ్చుకుంటే నేరం. ఆట పేరుతో పని పోగొట్టుకున్న రోజుకు కూలి ఇవ్వాలని ఉత్తర ఇంగ్లండ్ గని కూలీలు, మిల్లు కూలీల క్లబ్బులు అడిగాయి, పెద్దలు ఒప్పుకోలేదు, దాంతో 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని ఒక హోటల్లో కూర్చుని ఆ క్లబ్బులు విడిపోయి నార్తర్న్ యూనియన్ పెట్టుకున్నాయి. ఇప్పుడు రగ్బీ లీగ్ అంటున్నది అదే. జమీందారు బిడ్డకు ఒక రోజు పని పోతే ఏమీ కాదు, కూలివాడికి ఆ రోజు పొయ్యి వెలగదు. ఈ గొడవలో నేను పూర్తిగా కూలీల వైపే.

పీటర్స్ కూడా రెక్కాడితేనే డొక్కాడే మనిషే, ప్లిమత్ ఓడరేవు పనిశాలలో వడ్రంగి. 1910 ప్రాంతంలో అక్కడే ప్రమాదం జరిగి మూడు వేళ్లు పోయాయి. స్క్రమ్ హాఫ్ విసిరిన బంతి అందుకునేవాడే స్టాండ్ ఆఫ్ అని పైన చెప్పాను కదా, తడిసి జారే తోలు బంతిని మిగిలిన వేళ్లతో, అరచేతితో, ఛాతీకి అదిమి పట్టుకోవాలి. అందరూ ఇక అయిపోయిందనుకున్నారు. అయినా అతను మళ్లీ దిగాడు, ఇంకో రెండేళ్లు ఆడాడు. 1912లో ఆటగాళ్లకు డబ్బు ముట్టిందన్న ఆరోపణతో రగ్బీ యూనియన్ ఆ వైపు క్లబ్బుల మీద వేటు వేసింది, అందులో పీటర్స్ పేరు కూడా ఉంది. రంగు వల్ల తప్పించినప్పుడు నోరు మెదపని పెద్దలకు కూలి డబ్బు దగ్గర మాత్రం నియమాలన్నీ గుర్తొచ్చాయి. అతను ఉత్తరానికి వెళ్లి నార్తర్న్ యూనియన్‌లో బారో తరఫున, తరువాత సెయింట్ హెలెన్స్ తరఫున కొన్నాళ్లు ఆడి, 1914లో ఆట విడిచి ప్లిమత్ తిరిగి వచ్చేశాడు. 1954 మార్చి 26న పోయాడు, 74 ఏళ్లు.

ప్రశ్న: అక్కడ రంగు. అదే కాలంలో మన దేశంలో ఇలాంటి ఆటగాళ్లు లేరా? క్లాసులో చెప్పడానికి ఒక ఉదాహరణ కావాలి.
– ఉపాధ్యాయురాలు, చిత్తూరు

జవాబు: ఉన్నారు టీచర్ గారూ. పల్వంకర్ బాలూ అనే క్రికెట్ ఆటగాడి గురించి చెప్పండి. పీటర్స్ కంటే మూడు నాలుగేళ్లు పెద్ద, పీటర్స్ పోయిన మరుసటి ఏడు 1955లో పోయాడు, దాదాపు ఒకే కాలం ఇద్దరిదీ. ధార్వాడ్‌లో తోలు పని చేసే కులంలో పుట్టి, పూనాలో తెల్లదొరల క్లబ్బులో పిచ్ చదును చేసే పనికి కుదిరి, అక్కడ దొరలకు ప్రాక్టీసు కోసం బంతులేస్తూ, ఎడమచేతి స్పిన్‌లో దేశంలోనే మేటి అయ్యాడు. అతను లేకపోతే వికెట్లు పడవు కాబట్టి పూనా హిందువుల జట్టు పిలిచింది. మైదానంలో అతను ముట్టుకున్న బంతినే అందరూ ముట్టుకునేవారు. టీ వేళకు మాత్రం అతనికి పెవిలియన్ బయట, వేరేగా, తాగి పారేసే మట్టి ముంతలో పోసేవారు. అదే బంతి, అదే చెయ్యి. మీ క్లాసులో ఈ ముంత సంగతి చెప్పి ఒక నిమిషం ఆగండి, పిల్లలే మాట్లాడతారు.

ఇంకో విశేషం, 1906 ఫిబ్రవరిలో బొంబాయిలో హిందువుల జట్టు యూరోపియన్ల జట్టును 109 పరుగుల తేడాతో ఓడించింది, బాలూ ఎనిమిది వికెట్లు తీశాడు. పీటర్స్ ఎడింబరోలో దిగింది సరిగ్గా దాని మరుసటి నెల. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన తొలి భారత జట్టులో బాలూ ఆ పర్యటనలో వంద వికెట్లు దాటించాడు. అంత చేసినా హిందూ జట్టుకు కెప్టెన్సీ ఇవ్వలేదు.

అయితే ఇక్కడ ఒక తేడా ఉంది, నాకు ఇదే ముఖ్యం. 1920లో బాలూను జట్టు నుంచి తప్పించినప్పుడు అతని తమ్ముళ్లు విఠల్, శివరామ్ ఇద్దరూ పేరున్న ఆటగాళ్లు, వాళ్లు మేమూ ఆడం అని బయటికి వచ్చి, కారణం ఏమిటో పత్రికాముఖంగా అందరికీ తెలిసేలా చెప్పారు. గొడవ ముదిరి కమిటీ దిగివచ్చింది, బాలూను తీసుకుని వైస్ కెప్టెన్‌ను చేసింది. మూడేళ్ల తరువాత విఠల్ హిందువులకు కెప్టెనే అయ్యాడు. 1906 డిసెంబరులో పీటర్స్‌కు అలాంటి తమ్ముళ్లు లేరు. ఇంగ్లండ్ జట్టులో మిగతా పదిహేను మందీ ఆడేశారు, వాళ్లలో ఒక్కడు మానుకున్నట్టు కూడా ఎక్కడా కనపడదు.

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి, రన్నింగ్ బాగా చేస్తుంది, కబడ్డీ ఆడుతుంది. ఈ మధ్య ఒక సెలక్షన్స్‌కు పోయింది. టెస్టుల్లో తనే ముందు వచ్చానని చెప్పింది, చూసిన వాళ్లూ అదే అన్నారు. సాయంత్రం గోడకు అంటించిన లిస్టులో పేరు లేదు. పాప రెండుసార్లు పైనుంచి కిందికి వేలు పెట్టి చదువుకుందంట. పేర్లు రాసుకునేటప్పుడు ఒకాయన "మీది ఏ కాలనీ" అని అడిగాడంట. ఇప్పుడు గ్రౌండుకు పోనంటోంది. మీరు రాసిన పీటర్స్ ముక్క చదివి మీకు రాయాలనిపించింది. నేనేం చేయాల?
– ఒక తల్లి, చిత్తూరు దగ్గర పల్లె

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాకే ఈ నెల పేజీ ఇలా పెట్టాలనుకున్నాను.

ముందు ఆ "ఏ కాలనీ" అన్న మాట సంగతి. ఎందుకు అడిగారో ఇప్పుడే తేల్చలేం, కానీ మరిచిపోకూడని మాట అది. ఏ రోజు, ఏ గ్రౌండులో, ఎన్ని గంటలకు, అడిగినాయన ఏ బల్ల దగ్గర కూర్చున్నాడు, పక్కన ఎవరున్నారు, ఇవన్నీ పాప చేతే ఒక కాగితం మీద రాయించి తేదీ వేసి పెట్టండి. చూసిన వాళ్లు అన్నారు కదా, వాళ్లలో ఇద్దరి పేర్లు కూడా అందులో ఉండాలి. నెల పోతే ఎవరికీ సరిగ్గా గుర్తుండదు.

తరువాత స్కూల్లో పీఈటీ గారినో, హెడ్మాస్టర్ గారినో కలిసి మార్కుల షీట్ అడగమనండి. పరుగు పందెం సమయం, దూకిన దూరం, ఆటలో ఇచ్చిన మార్కులు, ఇవి ఎక్కడో రాసుకోకుండా సెలక్షన్స్ జరగవు. మీరు వెళ్తే పోట్లాటకు వెళ్లినట్టు వద్దు, "మా పాప ఎక్కడ తగ్గిందో తెలిస్తే సరిచేసుకుంటుంది" అని అడగండి. నిజంగా ఎక్కడైనా తగ్గి ఉంటే అదీ తెలుస్తుంది, తెలిసినందువల్ల నష్టం లేదు. నోటి మాటతో పంపించేస్తే కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి.

అప్పటికీ చెప్పకపోతే, సెలక్షన్స్ జరిపింది ప్రభుత్వ శాఖ అయితే సమాచార హక్కు చట్టం ఉంది. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయొచ్చు, జిల్లా కార్యాలయానికి ఫీజు పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఎందుకు తీసుకోలేదు అని అడగకండి, దానికి అర్థం లేని జవాబు రాసి పంపుతారు. ఫలానా తేదీ ఎంపికల్లో పాల్గొన్నవాళ్లందరి మార్కుల జాబితా నకలు, ఎంపిక చేసిన కమిటీ సభ్యుల పేర్లు, ఎంపికకు పెట్టుకున్న నిబంధనల నకలు ఇవ్వండి అని మూడు ముక్కలు రాయండి. జరిపింది ప్రైవేటు సంఘమైతే ఈ చట్టం నేరుగా పనిచేయకపోవచ్చు, అప్పుడు జిల్లా క్రీడాధికారికి, కలెక్టర్ గారి సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వండి. ఒక్కరే వెళ్లకండి. పాపతో ఆడే పిల్లల తల్లులు ఇద్దరు ముగ్గురు తోడుంటే మాట నిలబడుతుంది, బాలూ తమ్ముళ్లు చేసింది అదే.

ఇక గ్రౌండుకు పోనంటోంది అన్నారు. ఓ నాలుగు రోజులు వదిలేయండి, అవమానం పడ్డ పిల్ల అది, వెంటనే తోసుకుంటూ పంపకండి. ఆ తరువాత మాత్రం పంపండి, అవసరమైతే మీరే వెంట వెళ్లి గట్టు మీద కూర్చోండి. సెలక్షన్స్ ఏటా ఉంటాయి, పాప ఇంకా తొమ్మిదో తరగతే కాబట్టి వయసు మించిపోయే భయం ఇప్పట్లో లేదు. పరుగు అంత బాగుందంటే రగ్బీ సెవెన్స్ కూడా ఒకసారి చూపించండి, కబడ్డీ ఆడే అమ్మాయిలు ఆ ఆటకు త్వరగా అలవాటు పడతారు.

అర్జీ రాయడం తెలియకపోతే వివరాలన్నీ నాకు పంపండి, నేను రాసి ఇస్తాను. పాప పేరు, ఊరి పేరు ఈ పేజీలో రావు.